నడిమి చుక్క

అందరికీ నమస్కారం. ఈ ఏడాది పరిశోధనలో చేరిన ఆర్థికశాస్త్రం వాళ్ళూ, కణజీవశాస్త్రం వాళ్ళూ, ఆర్గానిక్ కెమిస్ట్రీ వాళ్ళూ ఒకే గదిలో కూర్చుని వింటారని చెప్పారు. నేను కెమిస్ట్రీ మనిషిని. కాబట్టి నాకు బాగా తెలిసిన టీఎల్‌సీ (థిన్ లేయర్ క్రోమటోగ్రఫీ, మిశ్రమంలోని పదార్థాల్ని విడదీసి చూసే పద్ధతి) ప్లేటు నుంచే మొదలుపెడతాను.

సిలికా పూసిన చిన్న ప్లేటు అడుగున పెన్సిలుతో సన్నటి గీత గీస్తాం. దాని మీద మూడు చుక్కలు. ఎడమ పక్క, మనం మొదలుపెట్టిన పదార్థం. కుడి పక్క, ఫ్లాస్కులో ఇప్పుడున్న మిశ్రమం. నడుమ, ఒకే చోట ఒకదాని మీద ఒకటి, రెండూ. ప్లేటును హెక్సేన్, ఇథైల్ అసిటేట్ కలిపిన ద్రావణంలో నిలబెడితే ఆ ద్రావణం పైకి పాకుతూ చుక్కల్ని తనతో తీసుకెళ్తుంది. తర్వాత యూవీ దీపం కింద చూస్తాం. పక్క చుక్కలు రెండూ దాదాపు ఒకే ఎత్తుకు చేరాయనుకోండి. అవి ఒకటేనా, వేరా? కంటికి తేలదు. నడిమి చుక్క గుండ్రంగా ఒక్కటిగా ఎక్కిందా, సాగి రెండుగా విడిందా అన్నదాన్ని బట్టి తేలుతుంది. తొందరలో ఉన్నవాళ్ళు వదిలేసేది సరిగ్గా ఆ చుక్కనే.

నేనూ ఒకసారి వదిలేశాను, వేరే రూపంలో. పీహెచ్‌డీ మూడో ఏట నేను తయారుచేసిన ఒక పదార్థాన్ని హీలా కణాల మీద, అంటే ల్యాబుల్లో పెంచే ఒక రకం క్యాన్సర్ కణాల మీద, పరీక్షించాం. అది నీళ్ళలో కరగదు, డీఎంఎస్‌ఓ అనే ద్రావకంలో కరిగించి, కణాలున్న ప్లేటు గుంటల్లో వేశాం. మోతాదు పెంచేకొద్దీ కణాలు చనిపోతున్నాయి. గ్రాఫు అందంగా వచ్చింది. నాలుగు నెలలు ఆ గ్రాఫు చుట్టూనే తిరిగాను. కణజీవశాస్త్రం చదివిన ఒక సీనియరు అక్క వచ్చి చూసి ఒక్క ప్రశ్న అడిగింది: "కంట్రోల్ గుంటల్లో ఏం పోశావ్?" కంట్రోల్ అంటే పోల్చడానికి మందు వేయకుండా ఉంచే గుంటలు. వాటిలో మీడియం, అంటే కణాలు పెరిగే పోషక ద్రవం, మాత్రమే పోశాను. మోతాదు పెరిగినచోటల్లా డీఎంఎస్‌ఓ కూడా పెరిగింది. ఆ డీఎంఎస్‌ఓను ఒక్కదాన్నే అంతే కొలతల్లో వేసి చూస్తే కణాలు అలాగే చనిపోయాయి. నా పదార్థం చేసిందేమీ లేదు. ఆ రోజు నుంచి ఎవరు ఏ ఫలితం చూపించినా, దాని పక్కన దేన్ని పెట్టి చూశారని అడగడం నాకు అలవాటైంది. మీకు చెప్పదలచుకున్నదీ అదే.

ఆర్థికశాస్త్రం వాళ్ళ కష్టం మాకంటే పెద్దది. మేం కణాల్ని ఒకే ఫ్లాస్కు నుంచి తీసి గుంటల్లో పంచుతాం, మొదట్లో అన్ని గుంటలూ ఒకటే. మనుషుల్ని అలా పంచలేరు. సూక్ష్మరుణం, అంటే పేదలకిచ్చే చిన్న అప్పు, మేలు చేస్తుందా అని చూడాలి. గ్రూపులో చేరి ఆ అప్పు తీసుకున్నామెనీ, తీసుకోని పక్కింటామెనీ పోల్చారనుకోండి. అప్పుకు వెళ్ళినామెకు మొదటి నుంచే చొరవ ఎక్కువేమో, అవసరమే ఎక్కువేమో. తర్వాత కనిపించే తేడా అప్పుదా, ఆమెదా?

ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లో, రేచల్ గ్లెనర్‌స్టర్, సింథియా కినన్ హైదరాబాద్‌లో చేసిన పని ఈ ప్రశ్నకు జవాబు వెతికింది. మొత్తం 104 బస్తీలు. పరిస్థితులు దగ్గరగా ఉన్నవాటిని జతలుగా పెట్టి, ప్రతి జతలో ఒకదాన్ని లాటరీ వేసినట్టు ఎంచారు. సూక్ష్మరుణాలిచ్చే స్పందన అనే సంస్థ ముందుగా ఆ 52 బస్తీల్లో శాఖలు తెరిచింది. ఆరు నుంచి పదిమంది ఆడవాళ్ళు ఒక గ్రూపు, మొదటి అప్పు సాధారణంగా 10,000 రూపాయలు, 50 వారాల కిస్తీలు, ఒకరు కట్టకపోతే మిగతావాళ్ళ బాధ్యత. శాఖలు తెరిచిన ఏడాదీ ఏడాదిన్నరకు రెండు రకాల బస్తీల్లోనూ 6,800 పైచిలుకు ఇళ్ళను సర్వే చేశారు.

లాటరీలో రాని కంట్రోల్ బస్తీలు శుభ్రంగా మిగల్లేదు. ఇతర సంస్థలు అప్పటికే అక్కడికి చేరాయి. ఎంచిన బస్తీల్లో 26.7 శాతం ఇళ్ళకు సూక్ష్మరుణం ఉంటే, కంట్రోల్ బస్తీల్లో 18.3 శాతానికి ఉంది. ఎనిమిది శాతం పైన ఉన్న ఆ తేడా మీద నిలబడే మిగతాదంతా కొలవాలి. ఈ సంగతిని వాళ్ళు దాచలేదు, పేపర్లోనే రాశారు.

ఏం తేలింది? ఇంట్లోకి కొనే మన్నికైన సామాన్ల మీద ఖర్చు పెరిగింది. టీ, పాన్, పొగాకు, బయటి తిండి మీద తగ్గింది. ముందే వ్యాపారం ఉన్నవాళ్ళు దాన్ని కొంత పెంచారు. లాభం పెరిగింది మాత్రం వాళ్ళలోనూ బాగా లాభాలొచ్చే వ్యాపారాలున్న కొద్దిమందికే. సగటున తలసరి ఖర్చు పెరగలేదు. పిల్లల చదువులో, ఆరోగ్యంలో, ఇంట్లో ఆడవాళ్ళ మాట చెల్లడంలో చెప్పుకోదగ్గ మార్పు కనిపించలేదు. పేదరికానికి మందు దొరికిందని ప్రపంచమంతా చెప్పుకుంటున్న రోజుల్లో వచ్చిన ఫలితమది.

2010 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అప్పు తీసుకున్నవాళ్ళ ఆత్మహత్యల వార్తల నడుమ సూక్ష్మరుణ సంస్థల్ని కట్టడి చేస్తూ ఆర్డినెన్సు వచ్చింది. ఈ సర్వే చూపించి "అప్పు ఎవరినీ ముంచలేదు" అని వాదించకూడదు. సర్వే చెప్పింది సగటు గురించి. కిస్తీ కట్టలేక నలిగిపోయిన ఇల్లు ఆ సగటులో కనిపించదు. ఆ ఇంటికి వెళ్ళి కూర్చుని వినే పరిశోధన వేరే ఉంది, అదీ కావాలి.

సగం బస్తీల్ని ఆపడం అన్యాయం కాదా అని నన్ను చాలామంది విద్యార్థులు అడిగారు. ఏ సంస్థా ఒకే రోజు అన్నిచోట్లా శాఖలు తెరవలేదు, ఎవరికి ముందు అన్నది లాటరీ తేల్చింది. తర్వాత మిగతా బస్తీలకూ వెళ్ళారు. నాకు ఆ జవాబు సరిపోతుంది. మేలు చేస్తుందని ముందే రుజువైనదాన్ని ఆపి ఉంటే సరిపోయేది కాదు.

లాటరీ లేకుండా కూడా పోలిక నిలబడే సందర్భాలున్నాయి. 1940ల్లో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు లుకేమియా (రక్త క్యాన్సర్) ఉన్న పిల్లలకు ఫోలిక్ ఆమ్లం అనే విటమిన్‌కు చెందిన పదార్థాలిచ్చాడు. జబ్బు తగ్గకపోగా ఇంకా వేగంగా ముదిరినట్టు కనిపించింది. చేదైన ఆ ఫలితాన్ని ఆయన మూలకు నెట్టలేదు. ఫోలిక్ ఆమ్లంతో జబ్బు పెరిగితే, దాన్ని అడ్డుకునే అణువుతో తగ్గాలి కదా? ఆ అణువులు అందించింది లెడర్లీ అనే అమెరికా మందుల కంపెనీలో పనిచేసిన, మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు బృందం. 1948 జూన్‌లో అచ్చయిన పేపర్లో, ఆ అణువుల్లో ఒకటైన అమైనోప్టెరిన్ ఇచ్చిన 16 మంది పిల్లల్లో 10 మందికి మెరుగు కనిపించిందని ఉంది. తాత్కాలికంగానే. అయినా అక్కడ కంట్రోల్ గుంపు లేదేమని ఎవరూ తప్పుపట్టనక్కర్లేదు. మందు లేకపోతే ఏమవుతుందో అప్పటి ప్రతి డాక్టరుకూ, ప్రతి తల్లికీ తెలుసు. ఆ ఆగస్టులోనే సుబ్బారావు గారు కన్నుమూశారు.

ఫోలిక్ ఆమ్లానికీ అమైనోప్టెరిన్‌కూ తేడా ఎంతో బోర్డు మీద గీసి చూడండి. ఒకచోట ఆక్సిజన్ పోయి అమైనో గుంపు వచ్చింది, అంతే. దానికి ఇంకొక్క మిథైల్ గుంపు చేరిస్తే మెథోట్రెక్సేట్ అనే మందు. కణంలో ఫోలిక్ ఆమ్లాన్ని (ఫోలేట్‌ను) పనికొచ్చే రూపంలోకి మార్చే డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్ అనే ఎంజైమును అది గట్టిగా పట్టుకుంటుంది, డీఎన్ఏకు కావలసిన థైమిడిన్ తయారీ ఆగుతుంది, డీఎన్ఏ నకలు ఆగుతుంది. అయితే కణం చనిపోయింది దీనివల్లేనా, నా డీఎంఎస్‌ఓలాంటి ఇంకేదైనా కారణమా? కణజీవశాస్త్రం వాళ్ళు దీన్ని తేల్చే తీరు నాకు చాలా ఇష్టం. ఆ ఎంజైముతో పనిలేకుండానే కణానికి పనికొచ్చే ఫోలేట్ రూపం, ల్యూకోవోరిన్, కొన్ని గుంటల్లో కలుపుతారు. మందు అలాగే ఉంటుంది. ఆ గుంటల్లో కణాలు కోలుకుంటే కారణం దొరికినట్టే. ఆసుపత్రిలో మెథోట్రెక్సేట్ పెద్ద మోతాదులో ఎక్కించిన తర్వాత, మంచి కణాల్ని కాపాడటానికి లెక్కగా వేళకు ఇచ్చేదీ ఆ ల్యూకోవోరినే.

ఇక మీ ప్రశ్నలు అడగండి.