యాప్ ప్యాకేజ్ నేమ్ మార్చడం: ఏది గుర్తింపు, ఏది చిరునామా

సభకు నమస్కారం.

ఈ రోజు మాట్లాడబోయే విషయం చాలా చిన్నదిగా కనిపిస్తుంది. ఒకే కోడ్‌తో ఆండ్రాయిడ్‌కూ ఐఫోన్‌కూ యాప్ తయారు చేసేవారు ప్రాజెక్టు మొదలుపెట్టిన రోజున పెద్దగా ఆలోచించకుండా ఒప్పుకున్న ప్యాకేజ్ నేమ్‌ను, అంటే యాప్‌కు చుక్కలతో విడదీసి రాసే లోపలి పేరును, తరువాత ఎప్పుడో మార్చవలసి రావడం, అప్పుడు ఎదురయ్యే చిక్కులు, వాటిలో ఏవి నిజంగా మార్చవలసినవి, ఏవి ముట్టుకోనక్కరలేనివి అన్నదే ఈ ప్రసంగం. ఇలా ఒకే కోడ్‌తో యాప్‌లు తయారు చేసే పనిముట్లలో ఎక్కువగా ఫ్లట్టర్‌ను ఉదాహరణగా తీసుకుంటాను. చివరలో అలాంటిదే అయిన రియాక్ట్ నేటివ్ సంగతి కూడా కొంత చెబుతాను.

ఫ్లట్టర్‌లో కొత్త ప్రాజెక్టు సృష్టించేటప్పుడు సంస్థ పేరు ఏదో చెప్పకపోతే, అది తనంతట తానే కామ్ డాట్ ఎగ్జాంపుల్ అని పెట్టి, దాని వెనుక ప్రాజెక్టు పేరు తగిలిస్తుంది. ఆండ్రాయిడ్ ఫోల్డర్‌లోని బిల్డ్ ఫైలు, అంటే కోడ్‌ను యాప్‌గా తయారు చేసే సూచనల ఫైలు, తెరిస్తే, ఆ పేరు పక్కనే ‘మీ సొంత ఐడీ ఇక్కడ పెట్టుకోండి’ అనే వ్యాఖ్య కూడా ఉంటుంది. కానీ ఆ ఫైలును మొదటి నెలల్లో తెరిచేవారు తక్కువ. యాప్ ఎమ్యులేటర్‌లో, అంటే కంప్యూటర్‌లోని నమూనా ఫోన్‌లో, చక్కగా నడుస్తుంది, స్నేహితుల ఫోన్లలోనూ నడుస్తుంది. ప్లే స్టోర్‌కు ఎక్కించే రోజున మాత్రం కామ్ డాట్ ఎగ్జాంపుల్‌తో మొదలయ్యే పేర్లను అంగీకరించబోమని గూగుల్ తిప్పి పంపుతుంది. అప్పటికి ఆ పేరు ప్రాజెక్టులో ఎన్నో మూలలకు పాకి ఉంటుంది.

అప్పుడు చాలామంది చేసే పని ఒక్కటే. ఎడిటర్‌లో వెతికి మార్చే పెట్టె తెరిచి, పాత పేరు ఉన్న ప్రతిచోటా కొత్త పేరు పెట్టేస్తారు. కొన్నిసార్లు అది పని చేస్తుంది కూడా. పని చేయనప్పుడు ఎందుకు చేయలేదో అర్థం కాదు. ఎందుకంటే ఒకే అక్షరాల వరుస వేర్వేరు పాత్రలలో కూర్చుని ఉంది. ఆ పాత్రలను విడదీసి చూడటమే ఈ పనిలో అసలు భాగం, మిగతాదంతా టైపింగ్.

ముందుగా, ఫోన్ తెరమీద ఐకాన్ కింద కనిపించే పేరుకూ మనం మాట్లాడుకుంటున్నదానికీ సంబంధం లేదు. దాన్ని ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. అలాగే ఫ్లట్టర్ ప్రాజెక్టు వివరాలుండే పబ్‌స్పెక్ ఫైలులోని, ఫ్లట్టర్ భాష అయిన డార్ట్ ప్యాకేజీ పేరు కూడా వేరు. అది డార్ట్ ఫైళ్లు ఒకదాన్నొకటి ఇంపోర్ట్ చేసుకోవడానికి పనికివస్తుందే తప్ప, స్టోర్‌కు దానితో పని లేదు. ఈ రెండింటినీ పక్కన పెడితే మూడు మిగులుతాయి: ఆండ్రాయిడ్‌లో అప్లికేషన్ ఐడీ, ఆండ్రాయిడ్‌లోనే నేమ్‌స్పేస్, ఐఓఎస్‌లో యాప్ గుర్తింపు అయిన బండిల్ ఐడీ.

అప్లికేషన్ ఐడీకీ నేమ్‌స్పేస్‌కూ మధ్య తేడా దగ్గర కొంచెం ఆగుతాను, ఎందుకంటే గందరగోళంలో సగం అక్కడే పుడుతుంది. అప్లికేషన్ ఐడీ అంటే ఫోన్‌లోనూ ప్లే స్టోర్‌లోనూ ఈ యాప్ ఏదో తేల్చే గుర్తింపు. ఒకే ఐడీ, ఒకే సంతకం ఉంటే వచ్చింది పాత యాప్‌కు కొత్త వెర్షన్ అని ఫోన్ అనుకుంటుంది. ఐడీ మారితే వచ్చింది మరో యాప్ అనుకుంటుంది. నేమ్‌స్పేస్ అంటే కాట్లిన్, జావా కోడ్ లోపల వనరుల క్లాసు ఎక్కడ పుట్టాలో, యాప్ భాగాలను ఆండ్రాయిడ్‌కు చెప్పే మానిఫెస్ట్ ఫైలులో చుక్కతో మొదలుపెట్టి క్లుప్తంగా రాసిన మెయిన్ యాక్టివిటీ, అంటే యాప్ తెరవగానే నడిచే క్లాసు, ఏ ప్యాకేజీలో ఉన్నదో చెప్పే చిరునామా. బయటి ప్రపంచం దాన్ని చూడదు. ఒకప్పుడు మానిఫెస్ట్‌లోని ప్యాకేజ్ అనే ఒకే గుణం ఈ రెండు పనులనూ చేసేది. గ్రేడిల్ అనే బిల్డ్ పనిముట్టు వచ్చాక గుర్తింపు బిల్డ్ ఫైలుకు వెళ్లింది. 2023లో వచ్చిన ఆండ్రాయిడ్ గ్రేడిల్ ప్లగిన్ 8.0 నుంచి నేమ్‌స్పేస్‌ను కూడా బిల్డ్ ఫైలులోనే రాయడం తప్పనిసరి అయింది. అందుకే పాత సలహాలు చదివి మూడు మానిఫెస్ట్‌లలో, అంటే మెయిన్, డీబగ్, ప్రొఫైల్ ఫోల్డర్లలోని ఫైళ్లలో ప్యాకేజ్ గుణం కోసం వెతికేవారికి కొత్త ప్రాజెక్టుల్లో అది కనిపించదు.

ఇందులోంచి ఒక ఉపయోగకరమైన విషయం తేలుతుంది. స్టోర్ అడ్డంకి దాటడమే మీ అవసరమైతే, ఆండ్రాయిడ్ వైపు మార్చవలసింది అప్లికేషన్ ఐడీ ఉన్న ఒక్క వరుస. నేమ్‌స్పేస్ పాతదే ఉండిపోయినా యాప్ బిల్డ్ అవుతుంది, నడుస్తుంది, స్టోర్‌లోకి వెళుతుంది. నా అభిప్రాయం అడిగితే, ప్రాజెక్టు ఇంకా చిన్నదిగా ఉంటే రెండూ మార్చి శుభ్రంగా ఉంచుకోవడం మేలు. కోడ్ బాగా పెరిగి, విడుదల దగ్గరపడి ఉంటే నేమ్‌స్పేస్ జోలికి వెళ్లకపోవడమే మేలు. పాత పేరు లోపల ఎక్కడో కనిపించడం చూసేవారికి చిరాకు కలిగించవచ్చు, అంతకు మించి దానివల్ల నష్టం లేదు.

నేమ్‌స్పేస్ మార్చాలనుకుంటే మాత్రం సగంలో ఆపకూడదు. మెయిన్ యాక్టివిటీ ఫైలులో మొదటి వరుసన ఉన్న ప్యాకేజీ ప్రకటన దానితోపాటే మారాలి. లేకపోతే బిల్డ్ ఏ ఫిర్యాదూ లేకుండా పూర్తయి, యాప్ తెరిచిన క్షణంలో క్లాసు దొరకలేదన్న లోపంతో కూలిపోతుంది. ఫైలు ఉన్న ఫోల్డర్ల వరుసను కూడా కొత్త పేరుకు తగ్గట్టు జరపడం మర్యాద. కాట్లిన్ అందుకు పట్టుబట్టదు గాని, తరువాత చదివేవారు పాత దారిలో వెతుక్కోవలసి వస్తుంది. జరిపేటప్పుడు గిట్ ఆదేశంతో జరిపితే మార్పుల చరిత్ర చదవడం సులువు. సీ భాషలో రాసిన కోడ్‌ను జావాకూ సీకీ మధ్య వంతెన అయిన జేఎన్ఐ ద్వారా పిలుస్తున్నవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. అక్కడ ఫంక్షన్ పేరులోనే జావా ప్యాకేజీ పేరు ఇమిడి ఉంటుంది కాబట్టి, ఆ క్లాసు ప్యాకేజీ మారిందంటే ఫంక్షన్ పేరూ మారాలి. కోడ్ కుదింపు నియమాల ఫైలులో క్లాసుల పూర్తి పేర్లు రాసి ఉంటే వాటి సంగతీ అంతే. ఇది డీబగ్ బిల్డ్‌లో బయటపడదు, విడుదల బిల్డ్‌లోనే బయటపడుతుంది.

ఐఓఎస్ వైపు ఈ రెండు పాత్రల గొడవ లేదు, ఉన్నది బండిల్ ఐడీ ఒక్కటే. కానీ అది ఉండే చోట్లు ఎక్కువ. సమాచార ప్లిస్ట్ ఫైలులో కనిపించేది అసలు పేరు కాదు, బిల్డ్ సెట్టింగును చూపించే ఒక చరరాశి. అసలు పేరు, ఆపిల్ యాప్‌లు తయారు చేసే పనిముట్టు అయిన ఎక్స్‌కోడ్ ప్రాజెక్టు ఫైలులో డీబగ్, ప్రొఫైల్, రిలీజ్ అనే మూడు అమరికలకూ విడివిడిగా ఉంటుంది. దాని పక్కనే పరీక్షల టార్గెట్‌కు, అంటే విడిగా తయారయ్యే భాగానికి, మరో మూడు ఉంటాయి. ఎక్స్‌కోడ్‌లో టార్గెట్ ఎంచుకుని సంతకాల పేజీలో మారిస్తే చాలనుకుంటాం గాని, అక్కడ ఒకే అమరిక ఎంపికై ఉన్నప్పుడు మిగతావి పాతగానే మిగిలిపోతాయి. విడ్జెట్ గానీ నోటిఫికేషన్ ఎక్స్‌టెన్షన్ గానీ ఉంటే, దాని ఐడీ తల్లి యాప్ ఐడీతోనే మొదలు కావాలని ఆపిల్ నియమం. తల్లిది మార్చి పిల్లది మరిచిపోతే ఇన్‌స్టలేషన్ దగ్గరే ఆగిపోతుంది.

కొత్త పేరు ఎంచుకునేటప్పుడు రెండు వైపుల అక్షర నియమాలూ ఒకటి కావని గుర్తుంచుకోవాలి. ఆండ్రాయిడ్‌లో ఆంగ్ల అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్ చెల్లుతాయి, కనీసం రెండు భాగాలు ఉండాలి, ప్రతి భాగమూ అక్షరంతోనే మొదలవ్వాలి, హైఫన్ చెల్లదు. ఆపిల్ దగ్గర హైఫన్ చెల్లుతుంది, అండర్‌స్కోర్ చెల్లదు. అందుకే ప్రాజెక్టు పేరులో అండర్‌స్కోర్ ఉంటే, ఫ్లట్టర్ ఐఓఎస్ వైపు దాన్ని తీసేసి తరువాతి అక్షరాన్ని పెద్దది చేస్తుంది. అంటే మీరు అడగకుండానే మొదటి రోజు నుంచే మీ యాప్‌కు రెండు వేర్వేరు ఐడీలు ఉన్నాయి, పాత పేరు కోసం వెతికితే వాటిలో ఒకటే దొరుకుతుంది. అండర్‌స్కోరూ హైఫనూ లేకుండా, అన్నీ చిన్న అక్షరాలతో, రెండు వైపులా ఒకటిగా ఉండే పేరు పెట్టుకుంటే ఈ బాధ ఉండదు. ‘న్యూ’ వంటి జావా కీలకపదం ఒక భాగంగా రాకుండా చూసుకోవడమూ అవసరమే.

ఇక అన్నిచోట్లా ఒకేసారి మార్చేయడం గురించి. డార్ట్‌కూ నేటివ్ కోడ్‌కూ మధ్య మాటలు నడిపే మెథడ్ ఛానెల్ పేర్లలో చాలామంది ప్యాకేజ్ నేమ్‌నే వాడతారు. అది కేవలం ఒక స్ట్రింగ్, రెండు వైపులా ఒకటిగా ఉంటే చాలు, మార్చవలసిన అవసరమే లేదు. కానీ ఆండ్రాయిడ్ ఫోల్డర్‌లో మాత్రమే వెతికి మార్చినప్పుడు ఒక వైపు పేరు మారి, మరో వైపు మారకుండా ఉండిపోతుంది. అప్పుడు ప్లగిన్ అమలు దొరకలేదన్న లోపం వస్తుంది. దాన్ని చూసినవారు ప్లగిన్లను తీసి మళ్లీ పెడుతూ కూర్చుంటారు. ఈ పని చేసిపెట్టే చిన్న పనిముట్లు డార్ట్ ప్యాకేజీలు దొరికే పబ్ డాట్ డెవ్‌లో ఉన్నాయి. వాటిని వాడటంలో తప్పు లేదు, కానీ వాడిన వెంటనే గిట్‌లో తేడాలను వరుసవారీగా చదవాలి. ఆ పనిముట్టు రాసినవారికి మీ ఎక్స్‌టెన్షన్లు, మీ ఫ్లేవర్లు, అంటే ఒకే యాప్‌కు వేర్వేరు రూపాలు, తెలియవు.

ప్రాజెక్టు లోపలి పని ఇంతే. అసలు భారం బయట ఉంది. ఎందుకంటే ప్యాకేజ్ నేమ్ చూసి మన యాప్‌ను నమ్మే సేవలన్నిటికీ కొత్త పేరు తెలియాలి, అవి మన గిట్ తేడాల్లో కనిపించవు. యాప్‌లకు లాగిన్, నోటిఫికేషన్ల వంటివి అందించే గూగుల్ సేవ ఫైర్‌బేస్‌నే తీసుకుందాం. అక్కడ నమోదైన యాప్ ప్యాకేజ్ నేమ్‌ను సవరించే వీలు లేదు. అదే ప్రాజెక్టులో కొత్త పేరుతో మరో యాప్ నమోదు చేసి, కొత్త అమరిక ఫైళ్లు దించుకోవాలి. ఆండ్రాయిడ్‌లో ఈ సంగతి మరిచిపోతే, ఈ ప్యాకేజీకి సరిపోయే క్లయింట్ దొరకలేదంటూ బిల్డ్ ఆగిపోతుంది. ఒక రకంగా అది మంచిదే. ఐఓఎస్‌లో మాత్రం బండిల్ ఐడీ పొసగడం లేదని లాగ్‌లో ఒక మాట రాసి ముందుకు వెళ్లిపోతుంది. లాగ్ చదవనివారికి నోటిఫికేషన్లు రాని రోజునే విషయం తెలుస్తుంది.

గూగుల్ ఖాతాతో లాగిన్ కావడం ప్యాకేజ్ నేమ్, సంతకపు ఎస్‌హెచ్‌ఏ-1 ముద్ర (సంతకపు తాళాన్ని గుర్తించే చిన్న సంకేతం) అనే జంట మీద ఆధారపడి ఉంటుంది. కాబట్టి కొత్త నమోదులో ఆ ముద్రలను మళ్లీ ఇవ్వాలి. ప్లే స్టోర్ సంతకం చేసే యాప్ అయితే, మన దగ్గరి అప్‌లోడ్ తాళం ముద్రతోపాటు స్టోర్ వాడే తాళం ముద్ర కూడా ఇవ్వాలి. పటాల సేవకు వాడే ఏపీఐ తాళాన్ని ప్యాకేజ్ నేమ్‌కు పరిమితం చేసి ఉంటే, పటం స్థానంలో ఖాళీ గళ్లు కనిపిస్తాయి. వెబ్ లింకు నొక్కితే నేరుగా యాప్ తెరుచుకునే ఏర్పాటు ఉంటే, వెబ్‌సైటులో ఉంచిన అసెట్ లింక్స్ ఫైలులో ప్యాకేజ్ నేమ్‌నూ, ఆపిల్ అసోసియేషన్ ఫైలులో టీమ్ ఐడీ వెంట ఉన్న బండిల్ ఐడీనీ మార్చాలి. ఆపిల్ నోటిఫికేషన్ల సర్వర్‌కు పంపే సందేశంలో టాపిక్‌గా వెళ్లేది బండిల్ ఐడీయే కాబట్టి, మీ సర్వర్ కోడ్‌లోనూ అది మారాలి. ఆపిల్ డెవలపర్ ఖాతాలో కొత్త యాప్ ఐడీ నమోదు చేసి, పాతదానికి ఇచ్చిన సామర్థ్యాలన్నీ దీనికీ ఇచ్చి, యాప్‌ను ఫోన్‌లో నడపడానికి ఆపిల్ ఇచ్చే అనుమతి ఫైలు అయిన ప్రొవిజనింగ్ ప్రొఫైల్ కొత్తగా తీసుకోవాలి. వీటిలో ఏ ఒక్కటీ కష్టం కాదు. కానీ కొన్ని పనులు సర్వర్ వారివి, కొన్ని వెబ్‌సైటు వారివి. అందుకే పేరు మార్పు ఒక్కరి కమిట్‌గా కాక, అందరికీ ముందుగా చెప్పి చేయవలసిన పని అవుతుంది.

ఇదంతా విడుదలకు ముందు సంగతి. విడుదలైన తరువాత మార్చడం ఎలా అని అడిగేవారికి చెప్పగలిగేది ఒకటే: మార్చలేరు. ప్లే స్టోర్‌లో ప్యాకేజ్ నేమ్ శాశ్వతం. యాప్ స్టోర్‌లో ఒక బిల్డ్ ఎక్కించాక బండిల్ ఐడీ కదలదు. కొత్త ఐడీతో పెట్టేది కొత్త యాప్ అవుతుంది. పాత సమీక్షలు, ఇన్‌స్టాల్ సంఖ్య దానికి రావు. చందాలు బదిలీ కావు. ఫోన్‌లో పాత యాప్ దాచుకున్న సమాచారం దీనికి అందదు. సంస్థ పేరు మారిందనో, యాప్ మరొకరి చేతికి వెళ్లిందనో ఈ నష్టాన్ని నెత్తికెత్తుకోవడం అనవసరం. యాప్‌ను ఒక ఖాతా నుంచి మరో ఖాతాకు బదిలీ చేసే సౌకర్యం రెండు స్టోర్లలోనూ ఉంది, అందులో ఐడీ అలాగే ఉంటుంది. ఆండ్రాయిడ్‌లో టిక్‌టాక్ ఐడీ చూడండి, అందులో మ్యూజికల్లీ అనే పాత యాప్ పేరే ఉంది. ట్విట్టర్ 2023లో ఎక్స్‌గా మారినా దాని ఆండ్రాయిడ్ ఐడీ కామ్ డాట్ ట్విట్టర్ డాట్ ఆండ్రాయిడ్‌గానే ఉంది. ప్లే స్టోర్ లింకులోని చివరి భాగాన్ని చదివేవారికి తప్ప ఇది ఎవరికీ కనిపించదు.

తప్పనిసరై కొత్త ఐడీకి వెళ్లవలసి వస్తే, ముందుగా పాత యాప్‌కు చివరి అప్‌డేట్ ఒకటి ఇచ్చి, వాడుకరుల సమాచారాన్ని సర్వర్‌లోని ఖాతాకు చేర్చించి, కొత్త యాప్‌కు దారి చూపించడం అన్నిటికంటే భద్రమైన పద్ధతి. ఒకే టీమ్ ఖాతాలోని ఐఓఎస్ యాప్‌లు యాప్ గ్రూప్ ద్వారా సమాచారం పంచుకోగలవు గాని, పాత యాప్ ఆ గ్రూపులో చేరే అప్‌డేట్ వాడుకరి చేతికి ముందే చేరి ఉండాలి.

రియాక్ట్ నేటివ్‌లో ఆండ్రాయిడ్, ఐఓఎస్ ఫోల్డర్ల సంగతి దాదాపు ఇదే. మెయిన్ యాక్టివిటీతోపాటు మెయిన్ అప్లికేషన్ ఫైలు కూడా చూసుకోవాలి. రియాక్ట్ నేటివ్ మీద కట్టిన ఎక్స్‌పోలో నేటివ్ ఫోల్డర్లను పనిముట్టే పుట్టిస్తున్నంత కాలం, అమరిక ఫైలులో ఆండ్రాయిడ్ ప్యాకేజ్, ఐఓఎస్ బండిల్ ఐడెంటిఫయర్ అనే రెండు వరుసలు మార్చి ఫోల్డర్లను మళ్లీ పుట్టిస్తే సరిపోతుంది. ఫ్లట్టర్‌తో డెస్క్‌టాప్‌కు కూడా వెళ్లేవారు మాక్ ఫోల్డర్‌లోని యాప్ సమాచార అమరిక ఫైలునూ, లినక్స్ ఫోల్డర్‌లోని సీమేక్ ఫైలునూ తెరవాలి.

మార్పు అయ్యాక పాత బిల్డ్ ఫలితాలను తుడిచి, మొదటి నుంచి బిల్డ్ చేయండి. పరీక్షకు ముందు ఫోన్‌లోని పాత యాప్‌ను తీసేయండి. తీయకపోతే ఒకే ఐకాన్‌తో రెండు యాప్‌లు పక్కపక్కనే కూర్చుంటాయి, పాతదాన్ని తెరిచి మార్పు రాలేదని వాదించేవారు ప్రతి బృందంలోనూ ఒకరుంటారు. ఆ తరువాత ఒక్కసారి మాత్రం కావాలనే రెండింటినీ కలిపి ఇన్‌స్టాల్ చేసి చూడండి. ఇతర యాప్‌లకు ఫైళ్లు అందించే ఫైల్ ప్రొవైడర్ అథారిటీ పేరును అప్లికేషన్ ఐడీ చరరాశితో కాక పాత పేరు అక్షరాలతోనే రాసిన చోటు ఎక్కడైనా మిగిలి ఉంటే, రెండో యాప్ ప్రొవైడర్ ఘర్షణ లోపంతో ఇన్‌స్టాల్ కాకుండా ఆగిపోతుంది, ఆ చోటు మీకు దొరుకుతుంది. చివరగా, ఫైళ్లలో ఏముందో కాక తయారైన ఏపీకే అనే ఇన్‌స్టాల్ ఫైలులో ఏముందో ఏఏపీటీ పనిముట్టుతో చదివి చూసి, విడుదల బిల్డ్‌ను స్టోర్ అంతర్గత పరీక్షా మార్గంలో పెట్టి, అక్కడి నుంచి దించుకున్న ప్రతితోనే లాగిన్, నోటిఫికేషన్, వెబ్ లింకు మూడింటినీ పరీక్షించండి. స్టోర్ తాళంతో సంతకమైన ప్రతి అదొక్కటే. ముద్రల జాబితాలో ఏదైనా తప్పిపోయి ఉంటే, డెవలపర్ ఫోన్‌లో పనిచేసిన లాగిన్ అక్కడ పనిచేయదు.