మార్కెటింగ్ క్లాసులో మా మామిడి తోట

నమస్కారం. ఈ రోజు మా మార్కెటింగ్ క్లాసు గురించి మాట్లాడాలని కూర్చున్నాను. నేను తిరుపతిలో బీకాం చదువుతున్నాను. మాది చిత్తూరు దగ్గర ఒక పల్లె. నాలుగు ఎకరాల తోతాపురి తోట ఉంది.

మొదటి వారంలోనే మేడమ్ బోర్డు మీద నాలుగు మాటలు రాశారు: వస్తువు, ధర, చోటు, ప్రచారం. ఇంగ్లిష్‌లో నాలుగూ ‘పి’తోనే మొదలవుతాయి కాబట్టి నాలుగు పీలు అంటారు. మెకార్తీ అనే అమెరికా ప్రొఫెసర్ 1960లో తన పాఠ్యపుస్తకంలో పెట్టిన వరుస అది. అమ్మేవాడి చేతిలో ఉండేవి ఈ నాలుగేనని మేడమ్ చెబుతుంటే అందరూ రాసుకుంటున్నారు. నా పెన్ను ‘ధర’ దగ్గర ఆగిపోయింది.

ఎందుకంటే 2025 సీజన్‌లో నాన్నతో పాటు నేనూ ఒక గుజ్జు ఫ్యాక్టరీ ముందు రెండు రాత్రులు ట్రాక్టర్ దగ్గరే పడుకున్నాను. ముందూ వెనకా కనుచూపు మేర ట్రాక్టర్లే. రెండో రోజు మధ్యాహ్నానికి అడుగున ఉన్న కాయలు మెత్తబడి, ట్రాలీ పలకల సందుల్లోంచి రసం బొట్లు బొట్లుగా రోడ్డు మీద పడింది. ఈగలు ముసిరాయి. నాన్న తన తువ్వాలు తడిపి పైకాయల మీద కప్పారు. అయిదు టన్నుల కాయకు ఒక తువ్వాలు! ఆ ఏడాది ప్రభుత్వం కిలోకు 12 రూపాయలు అని ప్రకటించింది. అందులో 8 ఫ్యాక్టరీ ఇవ్వాలి, 4 ప్రభుత్వం కలుపుతుంది. వ్యాపారులు కాయ కొనే ర్యాంపుల దగ్గర అడిగిన ధర అంతకన్నా తక్కువ. ఆ అంకెల్లో ఒక్కటి కూడా మా నాన్న చెప్పింది కాదు.

అందుకే లేచి అడిగాను: “మేడమ్, ధర అమ్మేవాడి చేతిలో లేకపోతే?”

మేడమ్ ఒక్క క్షణం ఆగి, “మీ నాన్నగారి దగ్గర కొనేది ఎవరమ్మా?” అన్నారు. మామిడి తినేవాళ్లు అన్నాను. కాదు, ఆలోచించుకుని రా అన్నారు.

జవాబు దొరకడానికి వారం పట్టింది. మా కాయ తినేవాళ్ల దగ్గరికి పోదు. గుజ్జై డబ్బాల్లోకి వెళుతుంది. ఆ గుజ్జును జ్యూసు కంపెనీలు కొంటాయి, కొంత విదేశాలకూ పోతుంది. ముందటి ఏడు గుజ్జు అమ్ముడుపోక గోదాముల్లో నిలిచిపోతే, ఈ ఏడు ఫ్యాక్టరీకి కాయ మీద ఆత్రం ఉండదు. ఇలా ఒకరి అవసరం మీద ఆధారపడి పుట్టే గిరాకీని మా పుస్తకం ఉత్పన్న గిరాకీ అంటుంది. ఆ పేజీ చదువుతుంటే నాకు కళ్లు చెమర్చాయి. నాన్న అన్నాళ్లూ తన సేద్యంలోనే ఏదో లోపం ఉందనుకున్నారు. కాయలో ఏ లోపమూ లేదు.

ఆ తరువాత మాకు ఒక పని ఇచ్చారు, ఎవరైనా ఒక వ్యాపారిని గంటసేపు గమనించి రమ్మని. నేను బస్టాండు దగ్గర పూలమ్మే అక్కను ఎంచుకున్నాను. కొండ మీద పూలన్నీ స్వామివే, అక్కడ ఎవరూ తలలో పెట్టుకోకూడదు. అందుకని తిరుమల బస్సు వైపు నడిచేవాళ్లను ఆమె పిలవనే పిలవదు. తిరుచానూరు ఆటోల వైపు ఎవరైనా తిరిగితే చాలు, మోచేతి నుంచి వేలి కొస దాకా మల్లెలు కొలిచి, “మూర తీసుకోమ్మా” అంటుంది. మార్కెట్‌ను విభజించడం గురించి మేము రెండు క్లాసులు విన్నాం. ఆమె అది చూపుతోనే చేస్తోంది.

మా కాలేజీ గేటు దగ్గర ఒక బండి ఉంటుంది. పచ్చి తోతాపురిని చకచకా ముక్కలు కోసి, ఉప్పూకారం చల్లి, కాయ 20 రూపాయలకు ఇస్తాడు. కిలోకు మూడు కాయలు. అంటే 60 రూపాయలు! మనమే ఇలా అమ్ముకుందాం అని ఆ రాత్రి నాన్నకు ఫోను చేయబోయి, ముందు లెక్క వేశాను. మా తోటలో పన్నెండు టన్నులు, అంటే 36 వేల కాయలు. ఆ బండి మీద రోజుకు 40 పోతాయి. తొమ్మిది వందల రోజులు. ఫోను పక్కన పెట్టేశాను.

మళ్లీ పుస్తకం తెరిపించింది లెవిట్ అనే ప్రొఫెసర్ గురించిన పాఠం. ఆయన వ్యాసం కూడా 1960లోనే వచ్చింది. అమెరికా రైలు కంపెనీలు తమది రైళ్ల వ్యాపారం అనుకున్నాయే తప్ప, ప్రయాణం కల్పించే వ్యాపారం అనుకోలేదని, అందుకే ప్రయాణికులను కార్లకూ విమానాలకూ వదులుకున్నాయని ఆయన వాదన. నేను నోటు పుస్తకం అంచున రాసుకున్నాను: మాది తోతాపురి వ్యాపారమా, పండ్ల వ్యాపారమా?

సంక్రాంతి సెలవుల్లో నాన్నను అదే అడిగాను. తోట చివరి రెండు వరుసలకు కొమ్మలు కొట్టి బేనీషా, అంటే బంగినపల్లి, అంటు కడదామా అన్నాను. ఆయన చాలాసేపు పూత వైపు చూస్తూ ఉండిపోయారు. తరువాత, “ఎవరికి కావాలో అడిగావా అమ్మా?” అన్నారు. మా మేడమ్ అడిగిన ప్రశ్నే అది.

అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. ఆదివారాలు తిరుపతిలో పండ్ల దుకాణాలు, హాస్టళ్ల వంటశాలలు తిరుగుతున్నాను. ఏ రకం, ఏ నెల, వారానికి ఎన్ని కిలోలు, డబ్బు ఎన్నాళ్లకు ఇస్తారు, ఈ నాలుగూ రాసుకుంటున్నాను. పదకొండు చోట్ల అయ్యాయి. ఏడుగురు బేనీషా కావాలన్నారు, ఇద్దరు నీలం రకం, మిగిలిన ఇద్దరు సీజన్‌లో వచ్చి కనపడమన్నారు. వచ్చే ఆదివారం తిరుచానూరు రోడ్డు వైపు వెళుతున్నాను.