వేలెడు మనిషి మీద వెలుగు

అందరికీ నమస్కారం.

ఈ బల్ల మీద గాజు పెట్టెలో ఉన్న మనిషిని ముందు వరుసల్లో కూర్చున్నవాళ్లు చూసే ఉంటారు. వెనక వాళ్లకి కనిపించడు. ఎత్తు 75 మిల్లీమీటర్లు, చూపుడువేలంత. తలపాగా చుట్టుకుని, భుజాన కంబళి వేసుకుని, కర్ర మీద బరువు మోపి నిలబడ్డాడు. తల ఒక సెంటీమీటరు ఉంటుంది. కన్ను మిల్లీమీటరు కంటే కాస్త ఎక్కువ. ఆ కంట్లో నల్లగుడ్డు ఉంది, దాని మీద వెలుగు చుక్క కూడా ఉంది. రాత్రి భోజనాలయ్యాక రోజూ గంటో గంటన్నరో కూర్చుంటే, ఇతనికి రంగులు వేయడానికి నాకు రెండు నెలలు పట్టింది.

చూసినవాళ్లు ఎంత బాగా వేశావు అంటారు. సంతోషమే. కానీ ఇందులో నా పని సగం. మిగతా సగం ఇతన్ని మలిచిన శిల్పిది. ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు. అయినా రెండు నెలల పాటు ఆయన వేళ్లు ఎటు తిరిగాయో వెతుక్కుంటూ నా కుంచె నడిచింది. ఇవాళ మీతో ఆ సంగతే మాట్లాడాలని వచ్చాను.

మాది కోనసీమ. అమ్మమ్మగారింట్లో సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టేవారు. పండగ ముందు అటక మీంచి ట్రంకుపెట్టె దింపి, పాత చీర ముక్కల్లో చుట్టిన మట్టిబొమ్మల్ని ఒక్కొక్కటీ విప్పేవారు. కావిడి మోసేవాడు, మజ్జిగ చిలికే ఆవిడ, కొట్లో కూర్చున్న సెట్టిగారు. ఏటా ఎవరికో ఒకరికి ముక్కు మీద రంగు లేచిపోయేది. అది దిద్దే పని అమ్మమ్మ నాకిచ్చేది. తలుపులకి వేయగా మిగిలిన ఎనామిల్ పెయింటు, అగ్గిపుల్లకి చుట్టిన దూది, అంతే సరంజామా. "ఇవి ఎవరు చేశారమ్మమ్మా?" అని ఒకసారి అడిగాను. "ఎవరో చేశారు నాన్నా. మా అత్తగారు కాపురానికి వచ్చేటప్పుడు తెచ్చుకున్నారు" అంది. తెచ్చుకున్నావిడ పేరు, ఊరు, పుట్టింటివారి పేరు అన్నీ మాకు తెలుసు. చేసినాయన పేరు మాత్రం ఇంట్లో ఒక్కరికీ తెలీదు. ఆ మాట ఇప్పటికీ నాకు గుచ్చుకుంటుంది.

ఇలాంటి చిన్న బొమ్మల చరిత్ర కొంచెం చెప్పి ముందుకి వెళ్తాను. 18వ శతాబ్దంలో జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో పలకరాతి మీద అచ్చు చెక్కి, అందులో తగరం పోసి బల్లపరుపు సైనికుల్ని తీసేవారు. 1893లో లండన్‌లో విలియం బ్రిటన్ కంపెనీ లోపల బోలుగా ఉండే సీసపు సైనికుల్ని తెచ్చింది. కరిగిన సీసం అచ్చులో పోసి, అంచుల్లో గట్టిపడగానే మధ్యలోది వెనక్కి ఒంపేసేవారు. సీసం తక్కువ పట్టింది, ధర దిగింది. వాళ్ల 54 మిల్లీమీటర్ల కొలత ఇప్పటికీ వాడుకలో ఉంది. 1913లో ఇంగ్లీషు రచయిత హెచ్. జి. వెల్స్ ఇలాంటి బొమ్మలతో ఆడే యుద్ధపు ఆటకి నియమాలు రాసి పుస్తకంగా వేశారు. 1975లో లండన్‌లో మొదలైన గేమ్స్ వర్క్‌షాప్ 1983లో చిన్న బొమ్మలతో ఆడే వార్‌హామర్ అనే యుద్ధపు ఆట తెచ్చాక రంగులు వేసేవాళ్లు బాగా పెరిగారు. బొమ్మలకి రంగులు వేసేవాళ్లకి వాళ్లు పెట్టే గోల్డెన్ డీమన్ పోటీ 1987లో మొదలైంది. ఆటతో పని లేకుండా, రంగు వేసి అద్దాల బీరువాలో పెట్టుకోవడానికే బొమ్మలు చేసే స్టూడియోలు వేరే ఉన్నాయి. ఇటలీలో పెగాసో, స్పెయిన్‌లో ఆండ్రియా, స్కేల్ 75, కొరియాలో యంగ్ మినియేచర్స్ అలాంటివి.

స్టూడియో అంటే ఏం జరుగుతుందో మనవాళ్లకి చెప్పడం కష్టం కాదు. మన కోనసీమ కొత్తపేటలో శిల్పి రాజ్‌కుమార్ వుడయార్ గారి శిల్పశాల మనకి తెలుసు కదా. నిలువెత్తు విగ్రహానికి ముందు నమూనా, నమూనా మీద అచ్చు, అచ్చులో పోత. వేలెడు బొమ్మకీ అదే వరస. తీగతో గూడు కట్టి, దాని మీద ఎపాక్సీ పుట్టీ పెడతారు. ఆ పుట్టీ నీలం, పసుపు రెండు ముద్దలుగా వస్తుంది. కలిపితే ఆకుపచ్చగా మారుతుంది, అందుకే గ్రీన్ స్టఫ్ అంటారు. గంట, గంటన్నర మెత్తగా ఉండి తర్వాత బిగుస్తుంది. ముఖం తేవాలన్నా, మీసం గీయాలన్నా ఆలోపే. ఇప్పుడు చాలామంది కంప్యూటర్‌లో జీబ్రష్ అనే సాఫ్ట్‌వేర్ మీద మలిచి, మొదటి బొమ్మని రెజిన్ (ద్రవంగా ఉండి తర్వాత గట్టిపడే ప్లాస్టిక్) ప్రింటర్‌లో తీస్తున్నారు. తర్వాత సిలికోన్ అచ్చు, అందులో రెజిన్ పోత. ఒక్కో అచ్చు కొన్ని పదుల పోతలకే అరిగిపోతుంది. అప్పుడు మళ్లీ మొదటి బొమ్మ నుంచి కొత్త అచ్చు తీయాలి.

ఇప్పుడు ఈ కంబళి చూడండి. నిజం కంబళి మడతల్ని ఉన్నవి ఉన్నట్టు ఈ కొలతకి తగ్గిస్తే కాగితం మీద గీతల్లా తేలతాయి. అందుకని శిల్పి మడతల సంఖ్య తగ్గించాడు. ఉంచినవాటిని నిజంలో కంటే లోతుగా తీశాడు. కనుబొమ కింద గుంట కూడా కాస్త ఎక్కువే తీశాడు. బరువు కర్ర మీద ఉంది కాబట్టి ఆ వైపు భుజం లేచింది, అక్కడి మడతలన్నీ దాని వైపే లాగినట్టున్నాయి. ఇవన్నీ నాకు ఆయన రాసిపెట్టిన ఉత్తరాల్లాంటివి. ఇక్కడ నీడ పెట్టు, ఇక్కడ వెలుగు పెట్టు అని చెప్పి వెళ్లాడు.

వెలుగు పెట్టడమేమిటి, వెలుగు దానంతటదే పడుతుంది కదా అనిపించొచ్చు. మనిషిని వేలెడుకి తగ్గించొచ్చు గానీ ఎండని తగ్గించలేం. నిజం మనిషి గడ్డం కింద నీడ పడుతుంది. ఈ బొమ్మలో ఆ లోతు ఒక మిల్లీమీటరు. గదిలో వెలుగు నాలుగు వైపుల నుంచీ వచ్చి ఆ కాస్త లోతునీ నింపేస్తుంది. ఒకే రంగు వేసి వదిలేస్తే బొమ్మ ముద్దలా కనిపిస్తుంది. అందుకని నీడనీ వెలుగునీ కూడా రంగుతోనే వేయాలి. ముందు బొమ్మంతా నల్ల ప్రైమర్, అంటే రంగుకి ముందు వేసే అడుగు పూత, కొడతాను. ఆరాక, సూర్యుడు ఎక్కడున్నాడని అనుకుంటానో అక్కడి నుంచి తెల్ల ప్రైమర్ పలచగా కొడతాను. తలపాగా, ముక్కు, భుజం తెల్లబడతాయి. చంకల్లో, కంబళి లోపల నలుపు మిగులుతుంది. దాన్ని ఫోన్‌లో ఫోటో తీసుకుని, పని అయ్యేదాకా పక్కనే పెట్టుకుంటాను. ఇతనికి నేను ఎంచుకున్నది సాయంత్రం నాలుగింటి ఎండ. కొబ్బరితోటలో ఏటవాలుగా పడుతుందే, అది. వెలుగు వైపు పసుపు, నీడ వైపు కొంచెం నీలం.

రంగు పలచగా వేయాలి అంటే, ఎంత పలచగా అని పిల్లలు అడుగుతారు. ఆత్రేయపురం వెళ్లి పూతరేకు తీయడం చూసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. బోర్లించిన కుండ, కింద మంట, నీళ్లలా ఉన్న పిండిలో ముంచిన గుడ్డ. కుండ మీద ఇలా వేసి అలా లాగితే రేకు వస్తుంది. ఎత్తి పట్టుకుంటే అవతలి వేళ్లు కనిపిస్తాయి. మేము గ్లేజ్ అనే పలచటి రంగు పొర కూడా ఆ రేకు లాంటిదే. ఒక్క పొర వేస్తే వేసినట్టే ఉండదు. పది, పదిహేను పొరలు పడ్డాక గడ్డం కింద నీడ తెలుస్తుంది. ఎక్కడ మొదలైందో గీత కనిపించదు. ఒకటి ఆరకుండా ఇంకోటి వేస్తే కిందది లేచి వస్తుంది. కుంచె రంగులో ముంచాక టిష్యూ మీద ఒకసారి అద్దాలి, లేకపోతే చుక్క జారి మడతలో గుంటకడుతుంది. రంగు ఆరిపోకుండా ఉండటానికి నేను వాడేది కూడా పూతరేకులు వచ్చిన ప్లాస్టిక్ డబ్బానే. అందులో తడి స్పాంజి, దాని మీద బటర్ పేపర్, ఆ పేపర్ మీద రంగు.

కుంచె విషయంలో కొత్తవాళ్లు రెండు మూడు వెంట్రుకలున్నది కొంటారు. దాంట్లో రంగు నిలవదు, బొమ్మ దాకా వచ్చేలోపే ఆరిపోతుంది. కొలిన్‌స్కీ అనే చిన్న జంతువు వెంట్రుకలతో చేసిన ఒకటో నంబరు కుంచె, మొన బాగున్నది, ఒక్కటి చాలు. కన్ను కూడా దాంతోనే వేశాను. చెయ్యి వణుకుతుందని టెన్షన్ పడేవాళ్లు నరసాపురం వైపు లేసు అల్లే ఆడవాళ్ల చేతులు చూడండి. మోచేతులు ఒంటికి ఆనించుకుని, ఒక చేతి వేలికి ఇంకో చేతి వేలు ఊతం ఇస్తారు. నేను మణికట్లు రెండూ కలిపి ఆనిస్తాను. ఒక చేయి కదిలితే రెండోదీ దాంతోనే కదులుతుంది కాబట్టి కుంచెకి, బొమ్మకి మధ్య దూరం మారదు.

ఒంటి రంగు గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే దీని మీద నేను చాలా కాలం తప్పు చేశాను. నేను చూసి నేర్చుకున్న వీడియోల్లో పాఠాలు దాదాపు అన్నీ తెల్లవాళ్ల చర్మానివే. వెలుగు కావాలంటే తెలుపు కలుపు అంటారు. మన రంగులో తెలుపు కలిపితే మనిషి బూడిద పూసుకున్నట్టు అయిపోతాడు. ఒకరోజు మా తోటలో కొబ్బరి దింపు తీయించేటప్పుడు చెట్టు దిగి వచ్చినాయన భుజం చూశాను. చెమట పట్టిన నల్లటి చర్మం. ఎండ పడ్డ చోట తేనె రంగు. భుజం పైన, ఆకాశానికి తిరిగి ఉన్న చోట, నీలం మెరుపు. మెడ వంపులో ముదురు వంగపండు రంగు. చెవి తమ్మె ఎండకి ఎర్రగా కనిపిస్తోంది. ఆ రోజు నుంచి తెలుపు మానేశాను. వెలుగుకి పసుపు మట్టిరంగు, కాస్త నారింజ. నీడకి ఊదా. చివర్న చెమట మెరుపుకి లేత నీలం, అదీ చుక్కంత. రాజమండ్రి వెళ్లినప్పుడల్లా దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీలో ఒక పూట గడుపుతాను. 1897లో పుట్టి 1925లోనే కన్నుమూసిన చిత్రకారుడు, ఆ కొద్ది కాలంలో మన మనుషుల్ని మన మనుషుల్లాగే వేశారు. రంగుల మీద ఆసక్తి ఉన్న పిల్లల్ని అక్కడికి తప్పకుండా తీసుకెళ్లండి.

మన గాలి సంగతి ఇంకొకటి. మన దగ్గర తేమ ఎక్కువ. నేను వాడే అక్రిలిక్ రంగులకి అది కొంత మేలే, నిదానంగా ఆరతాయి. స్ప్రే డబ్బాలతోనే ప్రమాదం. ఒక శ్రావణమాసంలో, ముసురు పట్టిన రోజున, పూర్తయిన బొమ్మకి మేడ మీద మాట్ (మెరుపు లేని) వార్నిష్ స్ప్రే కొట్టాను. అరగంటలో బొమ్మంతా మంచు కప్పినట్టు తెల్లబడింది. నల్లగుడ్లు కూడా. మెరిసే గ్లాసీ వార్నిష్ కుంచెతో పలచగా వేస్తే చాలావరకు తేరుకుంది గానీ కంబళి మడతల్లో ఆ తెలుపు అలాగే ఉండిపోయింది. అందుకని వానాకాలంలో స్ప్రే ముట్టుకోను. ప్రైమర్, వార్నిష్ రెండూ కుంచెతో వేసేవే వాడతాను.

ఇక నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది. కొన్నేళ్ల కిందట ఆన్‌లైన్‌లో ఒక అమ్మకందారు దగ్గర ఒక ముసలాయన బస్ట్, అంటే తల నుంచి ఛాతీ దాకా ఉండే బొమ్మ, కొన్నాను. అసలు ధరలో సగం కూడా లేదు. పెట్టె మీద శిల్పి పేరు లేదు. రంగు మొదలుపెట్టాక కుంచెకి దారి దొరకలేదు. మీసంలో వెంట్రుకల గాడులు పూడుకుపోయి ఉన్నాయి. చెవి లోపలి వంపు లేదు. ముక్కు పక్కన గాలి బుడగ గుంట. కనురెప్ప అంచు ఎక్కడో వెతికి వెతికి నేనే ఊహించి గీశాను. తర్వాత తెలిసింది, అది దొంగ పోత అని. అమ్ముడైన బొమ్మ ఒకటి కొని, దాని మీద అచ్చు తీసి, పోసి అమ్ముతారు. దాని నుంచి ఇంకొకరు తీస్తారు. పోత పోతకీ బొమ్మ పిసరంత కుంగుతుంది, గాడులు నిండిపోతాయి. శిల్పికి పైసా అందదు. ఆయన పేరు కూడా పెట్టె మీంచి పోతుంది. అది తెలిసిన రోజు నాకు అమ్మమ్మ ట్రంకుపెట్టె గుర్తొచ్చింది.

అసలు బొమ్మలు ఖరీదే, కాదనను. విదేశాల నుంచి తెప్పిస్తే పోస్టేజీ, కస్టమ్స్ సుంకం కూడా పడతాయి. నలుగురైదుగురు కలిసి ఒకేసారి తెప్పించుకుంటే పోస్టేజీ కలిసొస్తుంది. ఇప్పుడు చాలామంది శిల్పులు తమ బొమ్మల త్రీడీ ఫైళ్లని స్వయంగా అమ్ముతున్నారు. ఫైలు కొనుక్కుని ఇక్కడే రెజిన్ ప్రింటర్‌లో తీసుకోవచ్చు, డబ్బు నేరుగా ఆయనకే వెళ్తుంది. గట్టిపడని రెజిన్‌ని మాత్రం వట్టి చేత్తో ముట్టుకోకండి, చర్మానికి అలర్జీ వస్తుంది. గ్లవ్స్ వేసుకోవాలి, గదికి గాలి ఆడాలి. రంగు పూర్తయ్యాక దిమ్మ అడుగున శిల్పి పేరు, స్టూడియో పేరు, కింద మీ పేరు, తేదీ రాయండి.

ఇప్పుడు అందరూ ఒక్కొక్కరుగా బల్ల దగ్గరికి రండి. రెండు భూతద్దాలు ఉన్నాయి. ఎడమ పక్కన దొంగ పోత బస్ట్, కుడి పక్కన అదే బస్ట్ అసలుది, తర్వాత కొన్నాను. రెండింటి మీదా ఇప్పుడు రంగులు లేవు, బూడిద రంగు ప్రైమర్ ఒక్కటే ఉంది. ముందు చెవులు చూడండి, తర్వాత మీసం. తలపాగా మనిషిని కూడా చేతిలోకి తీసుకోవచ్చు, కింద చెక్క దిమ్మ పట్టుకోండి చాలు. పిల్లల్ని ముందు రానివ్వండి.