‘ఆలస్యంగా తీసుకొచ్చారు’

సభలోని పెద్దలకు, వైద్య విద్యార్థులకు నమస్కారం.

కొండ మీది నుంచి వచ్చిన రోగుల కేస్‌షీట్లలో తరచుగా కనిపించే ఒక వాక్యం గురించే నేను మాట్లాడదలచుకున్నాను: ‘ఆలస్యంగా తీసుకొచ్చారు.’ అందులో కర్త కనిపించడు, అయినా తప్పెవరిదో చదివేవారికి ఇట్టే అర్థమైపోతుంది.

కాన్పు మరణాల వెనుక మూడు ఆలస్యాలు ఉంటాయని థడియస్, మెయిన్ అనే పరిశోధకులు 1994లో వివరించారు. వెళ్లాలని నిర్ణయించుకోవడంలో ఒకటి, ఆసుపత్రికి చేరడంలో రెండవది, చేరాక వైద్యం అందడంలో మూడవది. మన కేస్‌షీట్లు మొదటిదాన్నే చూసి, దానికి మూఢనమ్మకమని పేరు పెడతాయి. గిరిజన గ్రామాల్లో పూజలు, నాటువైద్యం చేసే దిసారి దగ్గరికి వెళ్లినవారు ఆసుపత్రిని కాదన్నారనుకోవడం పొరపాటు. బండి దొరికేలోగా అందుబాటులో ఉన్నది అతనొక్కడే.

2022 ఏప్రిల్‌లో అల్లూరి సీతారామరాజు జిల్లాగా విడిపోయిన మన్యంలోని పాడేరు నుంచి విశాఖకు నూరు కిలోమీటర్లకు పైబడిన దారి. పాడేరుకు చేరడమే అంతకన్నా కష్టం. రోడ్డు ఆగినచోట 108 బండీ ఆగుతుంది. అక్కడిదాకా డోలీయే గతి: గట్టి కర్రకు దుప్పటి కొసలు కట్టి, గర్భిణిని అందులో పడుకోబెట్టి, భుజాలు మార్చుకుంటూ మోస్తారు. మోసేవారికి ఆ రోజు కూలి పోతుంది. గెడ్డ పొంగితే, నీరు తీసేదాకా గట్టునే కూర్చోవాలి.

జ్వరంతో ఉన్న బిడ్డను సంత రోజుదాకా ఇంట్లోనే ఉంచిన ఒక తల్లి గురించి నా నోట్‌బుక్కులో ‘నిర్లక్ష్యం’ అని రాసుకున్నాను. ఆ ఊరి వైపు జీపు వచ్చేది సంత రోజునే అని నాకు తెలిసింది ఆ తరువాత. ఆ మాటను కొట్టేశాను కానీ, గీత కింద ఇప్పటికీ చదవవచ్చు.

ఇక మూడవ ఆలస్యం మన గోడల లోపలిది. ఇంట్లో కువి అనే గిరిజన భాష మాట్లాడే స్త్రీని ఓపీలో తెలుగులో గబగబా అడిగితే ఆమె తల ఊపుతుంది. ఆ ఊపునే మనం అవునని రాసుకుంటాం. జబ్బుకు కారణం ఏమని అనుకుంటున్నారో రోగినే అడగమని వైద్యుడు, మానవ శాస్త్రవేత్త ఆర్థర్ క్లైన్‌మన్ దశాబ్దాల కిందటే చెప్పారు, అయితే ఏ భాషలో అడగాలన్నది ఇక్కడ ముందు తేలాలి. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన ప్రభుత్వ పథకం ఆపరేషన్ ఖర్చు మోస్తుంది. తోడు వచ్చిన మనిషి పోగొట్టుకున్న పనిదినాలు మాత్రం ఆ ఇంటి మీదే పడతాయి.

విద్యార్థులను నేను కోరేది చిన్న పని. ఆ వాక్యం రాయవలసి వచ్చినప్పుడు పక్కన మరో మూడు సంగతులు రాయండి: ఏ రోజు బయలుదేరారు, బండి ఎక్కడ దొరికింది, ఈ వివరాలు ఏ భాషలో అడిగారు. మొదటి రెండింటికీ జవాబు తోడు వచ్చినవారు చెబుతారు. మూడవది రాసే డాక్టరే చెప్పాలి.