కాళ్లు నిలవట్లేదంటే జబ్బు ముదిరినట్టేనా?

అందరికీ నమస్కారం. వెనకాల వాళ్లకి వినపడుతోందా? సరే, సోది లేకుండా విషయానికొస్తా. లేని మాటలు వినపడటం లాంటి మానసిక జబ్బులకి మేమిచ్చే మందులు, అంటే యాంటీసైకోటిక్స్, వాటివల్ల వచ్చే కదలికల తిప్పల గురించి ఇవాళ చెప్తా.

మొన్నామధ్య ఒకావిడ భర్తని తీసుకొచ్చింది. "రోజంతా హాల్లోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి హాల్లోకి తిరుగుతూనే ఉన్నాడు సార్, అన్నం తింటూ కూడా రెండుసార్లు లేచాడు, జబ్బు ముదిరినట్టుంది డోసు పెంచండి" అంది. ఆయన నా ఎదురుగా నిలబడే ఉన్నాడు, ఈ కాలి మీంచి ఆ కాలి మీదకి బరువు మారుస్తూ. గోలంతా బుర్రలోనా కాళ్లలోనా అని అడిగా. "పిక్కల్లో సార్, కూర్చుంటే ప్రాణం పోతున్నట్టుంది" అన్నాడు. జబ్బు కాదది, అకథీజియా, అంటే కాళ్లు నిలవనివ్వని ఆరాటం, మందు వల్ల వచ్చింది. నేను డోసు పెంచుంటే ఇంకా పెరిగేది. కాస్త తగ్గించి, ఆ ఆరాటం తగ్గడానికి ప్రొప్రనలాల్ మాత్ర మొదలుపెట్టాం, ఆస్తమా లేదని కనుక్కున్నాకే లెండి.

ఎందుకొస్తుందంటే, మెదడులో డోపమైన్ అనే రసాయనం కదలికల్ని కూడా నడుపుతుంది, మందేమో లేని మాటలు వినపడే చోటా కదలికల చోటా రెండుచోట్లా దాన్ని అడ్డుకుంటుంది. డోపమైన్‌ని అందుకునే డీ2 రిసెప్టార్లు దాదాపు 80 శాతం దాటి మూసుకుపోతే ఈ తిప్పలు బాగా ఎక్కువవుతాయి. ఈ మందుల్లో మొదటిది క్లోర్‌ప్రోమజైన్ 1952లో వాడకంలోకొచ్చింది, ఆ తొలిరోజుల్లో ఒళ్లు కాస్త బిగిస్తేనే మందు పనిచేస్తున్నట్టు అనుకున్న డాక్టర్లూ ఉన్నారు!

ఇదే రకం మందు హాలోపెరిడాల్ ఇంజెక్షన్ చేసిన మర్నాడు ఒక కుర్రాడికి మెడ పక్కకి తిరిగిపోయి కళ్లు పైకెళ్లిపోయాయి, ఇంట్లో వాళ్లు గాలి సోకిందని నిమ్మకాయ దిష్టి తీశారు. అదీ మందు వల్లే, ఫెనర్గాన్ అనే విరుగుడు ఇంజెక్షన్‌తో అరగంటలో సర్దుకుంది. వాంతులకి వాడే పెరినార్మ్‌తో కూడా ఇలా అవ్వొచ్చు, గుర్తుపెట్టుకోండి.

ఈ మందుల వల్ల వచ్చే వణుకు, బిగుసుకుపోయిన నడకకి పాసిటేన్ అనే మాత్ర ఇస్తాం, దాంతో నోరెండిపోతుంది, మలబద్ధకం, పెద్దవాళ్లకి మతిమరుపు. నాకు భయమేసేది మాత్రం టార్డివ్ డిస్కినీసియా. నెలలో ఏళ్లో మందు వాడాక, నోట్లో ఏమీ లేకపోయినా నములుతున్నట్టు ఉంటారు, నాలుక బయటికొస్తూ ఉంటుంది, వాళ్లకే తెలీదు ఒక్కోసారి. దీనికి పాసిటేన్ పనిచేయదు సరికదా ఎక్కువ చేయొచ్చు, టెట్రాబెనజైన్ లాంటివి వాడతాం, దీన్ని తెచ్చిన యాంటీసైకోటిక్ ఆపినా కొందరికి ఇది పోదు.

అలాగని ఇంటికెళ్లి మాత్రలు చెత్తబుట్టలో పడేయకండి, అసలు జబ్బు తిరగబెడుతుంది. మా దగ్గరకొచ్చేసరికి మనిషి బుద్ధిగా కూర్చుంటాడు, అందుకని ఇంట్లో ఉన్నప్పుడే ఫోన్లో వీడియో తీసి తీసుకురండి.

ఆ, వెనకాల అమ్మ చెయ్యెత్తారు. అడగండమ్మా.