బాల్టిమోర్ వెళ్తే ఇన్నర్ హార్బర్ దగ్గరే ఆగిపోకండి, ఫెల్స్ పాయింట్ వరకూ రండి

అందరికీ నమస్తే. మొన్న నా ఫ్రెండ్ ఒకతను వర్జీనియా నుంచి ఫ్యామిలీతో మేరీల్యాండ్ రాష్ట్రంలోని మా బాల్టిమోర్ వచ్చాడు. టూరిస్టులు ఎక్కువగా వెళ్లే ఒడ్డు ఇన్నర్ హార్బర్‌లో పాత ఓడలు చూశారు, అక్వేరియం చూశారు, అక్కడే ఏదో చైన్ రెస్టారెంట్‌లో తిని చీకటి పడకముందే వెళ్లిపోయారు. రాత్రి ఫోన్ చేసి "ఏంట్రా, బాల్టిమోర్ అంటే ఇంతేనా?" అన్నాడు. నాకు ప్రాణం ఉసూరుమంది. వాళ్లు నిలబడ్డ చోటు నుంచి నీళ్ల ఒడ్డునే తూర్పు వైపు ఒక అరగంట నడిచుంటే ఫెల్స్ పాయింట్ అనే పాత ఓడరేవు పేట వచ్చేసేది. ఈ ఊళ్లో కూర్చుని తినాల్సిన చోటు అదే. అందుకే ఈ వీడియో.

ఇప్పుడు మీకు కనిపిస్తున్నది థేమ్స్ స్ట్రీట్. లండన్ నది పేరే, కానీ లండన్ వాళ్లు దాన్ని "టెమ్స్" అంటారు, బాల్టిమోర్ వాళ్లు మాత్రం స్పెల్లింగ్ ఎలా ఉంటే అలా "థేమ్స్" అంటారు. మనం చిన్నప్పుడు తెలుగు మీడియం సోషల్ పుస్తకంలో చదువుకున్నట్టే అన్నమాట. కింద రాళ్లు చూడండి. అందరూ కాబుల్‌స్టోన్స్ అంటారు గానీ ఇవి బెల్జియన్ బ్లాక్స్, పెద్ద ఇటుకల్లా చెక్కిన గ్రానైట్ రాళ్లు. చూడ్డానికి భలే ఉంటాయి, నడిస్తే మడమలకి తెలుస్తుంది. హీల్స్ వద్దు, చిన్నపిల్లల స్ట్రోలర్ ఉంటే పక్కన ఇటుకల ఫుట్‌పాత్ మీదే తొయ్యండి.

ఇక్కడ నీళ్లు లోతుగా ఉంటాయి కాబట్టి పెద్ద ఓడలు ఒడ్డుదాకా వచ్చేవి. 1763 ప్రాంతంలో ఎడ్వర్డ్ ఫెల్ అనే ఆయన ఈ నేలని వీధులుగా, ప్లాట్లుగా విడగొట్టి అమ్మడం మొదలుపెట్టాడు. ఓడలు కట్టేవాళ్లు, తెరచాపలు కుట్టేవాళ్లు, నావికులు వచ్చి స్థిరపడ్డారు. ఆన్ స్ట్రీట్‌లో రాబర్ట్ లాంగ్ హౌస్ అని ఒక ఇల్లు ఉంది, 1765 నాటిది, బాల్టిమోర్ ఊరి వీధుల్లో ఇప్పటికీ నిలిచి ఉన్న ఇళ్లలో అదే అన్నిటికన్నా పాతదని చెప్తారు. దాని ముందు ఒక్క నిమిషం నిలబడి ఎత్తూ వెడల్పూ చూడండి, ఆ తర్వాత మీరు వెళ్లే ప్రతి పబ్బూ, ప్రతి కేఫ్ ఎందుకలా ఉందో అర్థమైపోతుంది.

ఎందుకంటే ఇక్కడి రెస్టారెంట్లు రెస్టారెంట్లుగా కట్టినవి కావు. చాలావరకు ఇళ్లు, లేకపోతే కింద కొట్టు పైన ఇల్లు. పక్కింటి గోడకి గోడ ఆనించి కట్టిన సన్నటి రో హౌస్‌లు. తలుపు తీయగానే ఒక పక్క పొడుగ్గా చెక్క బార్, ఇంకో పక్క గోడ, మధ్యలో మనిషి పట్టేంత దారి. వెనక టేబుల్ దగ్గరికి వెళ్లాలంటే స్టూల్స్ మీద కూర్చున్నవాళ్ల వీపుల వెనక నుంచి, పక్కకి తిరిగి, "ఎక్స్‌క్యూజ్ మీ" అనుకుంటూ వెళ్లాలి, ఆ లోపల ఒకరిద్దరు మిమ్మల్ని పలకరిస్తారు కూడా. మెట్లు నిటారుగా ఉంటాయి. పన్నెండు మంది కలిసి వెళ్లి ఒకే టేబుల్ కావాలంటే దొరకడం కష్టం. నలుగురుగా వెళ్లండి, ఇద్దరైతే ఇంకా మంచిది, బార్ దగ్గరే కూర్చోండి. ఈ ఇరుకే నాకు ఇష్టం. ఎంత పెద్ద హాల్ కట్టినా ఈ దగ్గరితనం రాదు.

అసలు ఈ గదులు ఇవాళ ఉన్నాయంటే దాని వెనక పెద్ద పోరాటం ఉంది, అది చెప్పకుండా మెనూ గురించి చెప్పబుద్ధి కావట్లేదు. 1960లలో బాల్టిమోర్ మధ్య నుంచి తూర్పు పడమరలుగా హైవే వెయ్యాలని ప్లాన్ చేశారు. ఆ హైవే ఈ ఒడ్డు మీద నుంచే పోవాలి. అంటే నేను ఇప్పుడు చూపిస్తున్న ఇళ్లు, పబ్బులు చాలావరకు నేలమట్టం కావాలి. అప్పుడు ఇక్కడి జనం, ఎక్కువమంది ఓడరేవు కూలీలు, పోలండ్ నుంచి వలస వచ్చిన కుటుంబాలు, పాత ఇళ్లంటే ప్రాణం పెట్టేవాళ్లు, అందరూ ఏకమయ్యారు. 1967లో ఒక పరిరక్షణ సొసైటీ పెట్టారు, అదే ఏడాది కోర్టు ఖర్చులకీ ప్రచారానికీ డబ్బు పోగెయ్యడానికి వీధుల్లోనే ఒక పండగ మొదలుపెట్టారు. ఫెల్స్ పాయింట్ ఫన్ ఫెస్టివల్ పేరుతో ఇప్పటికీ అక్టోబర్‌లో జరిగే సంబరం అలా పుట్టిందే. 1969లో ఈ పేట నేషనల్ రిజిస్టర్‌లో, అంటే దేశం కాపాడదగ్గవని గుర్తించిన చారిత్రక స్థలాల జాబితాలో చేరింది, మేరీల్యాండ్ రాష్ట్రం నుంచి అందులోకి ఎక్కిన మొదటి చారిత్రక పేట ఇదే. ఆ పోరాటంలో ముందు నిలబడ్డవాళ్లలో ఒకావిడ బార్బరా మికల్స్‌కీ, అప్పటికి సోషల్ వర్కర్, అమ్మానాన్నలకి ఇదే తూర్పు బాల్టిమోర్‌లో కిరాణా కొట్టు. 1971లో సిటీ కౌన్సిల్‌కి గెలిచారు, తర్వాత 1987 నుంచి 2017 దాకా ముప్పై ఏళ్లు అమెరికా సెనేటర్. హైవే మాత్రం ఈ ఒడ్డుకి రాలేదు.

కానీ ఇదే ప్లాన్‌లో పడమటి ముక్క ఒకటి కట్టేశారు. వెస్ట్ బాల్టిమోర్‌లో, ఫ్రాంక్లిన్, మల్బెరీ వీధుల మధ్య, ఎక్కువగా నల్లజాతి కుటుంబాలు ఉన్న చోట, వందల ఇళ్లు కూలగొట్టి, మైలున్నర కూడా లేని లోతైన రోడ్డు తవ్వి వదిలేశారు. దాన్ని ఊరంతా "హైవే టు నోవేర్" అంటారు, ఎక్కడికీ పోని హైవే. ఒకే ఊరు, ఒకే ప్లాన్, ఒక పేట మిగిలింది, ఇంకో పేట పోయింది. థేమ్స్ స్ట్రీట్‌లో కూర్చున్న ప్రతిసారీ నాకు ఆ రెండో పేట గుర్తొస్తుంది.

సరే, ఇక తిండి. ముందుగా క్రాబ్ కేక్. పేరు చూసి కేక్ అనుకోకండి, పీత మాంసం ముద్ద. మంచి క్రాబ్ కేక్‌ని ఎలా గుర్తుపట్టాలంటే, ఫోర్క్ పెట్టగానే పొడిపొడిగా రాలకుండా, బొటనవేలంత తెల్లటి కండ ముక్కలుగా విడిపోవాలి. బ్రెడ్ పొడి అంటుకోవడానికి సరిపడా మాత్రమే ఉండాలి. ఫ్రైడా (నూనెలో వేయించిందా), బ్రాయిల్డా (పై నుంచి వేడి తగిలేలా కాల్చిందా) అని అడుగుతారు, బ్రాయిల్డ్ అనండి. పైన గోధుమరంగు తేలి, లోపల తీపి తగులుతుంది. ఇంకో మాట, మేరీల్యాండ్ పీతేనా అని మొహమాటపడకుండా అడగండి, బయటి దేశాల నుంచి వచ్చిన పీత మాంసం వాడే చోట్లు చాలా ఉన్నాయి. ఇక్కడి బ్లూ క్రాబ్ సీజన్ ఏప్రిల్ నుంచి డిసెంబర్ మధ్య వరకు, చలికాలంలో అవి ఇక్కడి సముద్రపు అఖాతం చెసపీక్ బే అడుగున బురదలో దాక్కుంటాయి.

మొత్తం పీతలు కావాలంటే స్టీమ్డ్ క్రాబ్స్ అని అడగాలి. అన్ని చోట్లా ఉండవు, ఉన్నచోట కూడా ధర రోజు రోజుకీ మారుతుంది కాబట్టి ఫోన్ చేసి వెళ్లండి. టేబుల్ మీద గోధుమరంగు కాగితం పరిచి, చేతికి ఒక చెక్క సుత్తి ఇచ్చి, ఎర్రటి మసాలా పట్టించి ఆవిరి మీద ఉడికించిన పీతల్ని కుప్పగా పోసేస్తారు. పొట్ట కింద తాళంలా ఉండే ముక్క లాగండి, పై డొప్ప ఎత్తండి, మొప్పలు తీసి పక్కన పడేయండి, రెండుగా విరిచి కండ తీసుకోండి. పెద్ద డెక్కల మీద సుత్తితో మెల్లగా ఒక్క దెబ్బ, గట్టిగా కొడితే పెంకు ముక్కలు కండలో కలిసిపోతాయి. చేతులతో తినే మనకి ఇది కొత్తగా నేర్చుకోవాల్సిన పనే కాదు.

ఆ ఎర్రటి మసాలా అంటే ఎక్కువమందికి తెలిసింది ఓల్డ్ బే. దాన్ని తయారుచేసింది గుస్తావ్ బ్రన్ అనే జర్మన్ యూదుడు. 1938లో నాజీలు పట్టుకుని బుకెన్‌వాల్డ్ క్యాంపులో పడేస్తే, బయటపడి కుటుంబంతో బాల్టిమోర్ చేరాడు. మసాలాలు రుబ్బే మెషిన్ ఒకటి వెంట తెచ్చుకున్నాడు. ఇక్కడి హోల్‌సేల్ చేపల మార్కెట్ ఎదురుగా చిన్న చోటు తీసుకుని, పీతలు వండేవాళ్లకి ఏం కావాలో చూసి కలిపిన మసాలా ఇది. ఈ ఊరి రుచి అని అందరూ చెప్పుకునేదాన్ని నాజీల నుంచి తప్పించుకుని వచ్చిన ఒక శరణార్థి ఇచ్చాడు.

సూప్ విషయంలో ఒక జాగ్రత్త. క్రీమ్ ఆఫ్ క్రాబ్ తెల్లగా చిక్కగా ఉంటుంది, మేరీల్యాండ్ క్రాబ్ సూప్ టమాటా, కూరగాయలతో ఎర్రగా ఉంటుంది. రెండోదాన్ని పాత పద్ధతిలో బీఫ్ స్టాక్‌తో చేస్తారు, బీఫ్ తినని వాళ్లు తప్పకుండా అడిగి ఆర్డర్ చెయ్యండి. శాకాహారులు బ్రాడ్‌వే మార్కెట్‌కి వెళ్లడం నయం, అక్కడ రకరకాల స్టాల్స్ ఉంటాయి, ఎవరికి కావాల్సింది వాళ్లు తెచ్చుకుని ఒకే చోట కూర్చోవచ్చు.

పొద్దున వస్తే అలిసానా స్ట్రీట్‌లో బ్లూ మూన్ కేఫ్ ఉంది, కార్న్‌ఫ్లేక్స్ లాంటి తియ్యటి సీరియల్ పట్టించి వేయించే ఫ్రెంచ్ టోస్ట్‌కి పేరుపడింది. వీకెండ్ క్యూ ఉంటుంది, పిల్లలకి ఆకలేసేలోపే చేరుకోండి. మధ్యాహ్నానికి డూడాస్ ట్యావెర్న్, నీళ్లకి ఎదురుగా, ఆడంబరం లేని చోటు. బీర్ అంటే ఇష్టమున్నవాళ్లకి బ్రాడ్‌వే మీద మాక్సెస్ ట్యాప్‌హౌస్, వందకి పైగా ట్యాప్‌లు, ఏం తాగాలో తెలియకపోతే బార్‌లో ఉన్నవాళ్లనే అడగండి, ఓపిగ్గా చెప్తారు. పాటలు వినాలంటే క్యాట్స్ ఐ పబ్. "ది హార్స్ యూ కేమ్ ఇన్ ఆన్" అని ఇంకో సెలూన్ ఉంది, 1775 నుంచి ఉన్నామని వాళ్లు చెప్పుకుంటారు. నా మటుకు నాకు పబ్బులు మధ్యాహ్నం మూడు, నాలుగు గంటలకే బాగుంటాయి. శనివారం రాత్రి పదకొండుకి అదే గదిలో పక్కవాడి మాట కూడా వినపడదు, కథలు చెప్పే బార్‌టెండర్‌కి ఊపిరి తీసుకునే టైమ్ ఉండదు.

స్టూడెంట్స్‌కి ఒక మాట. వయసు 21 నిండాలి, ఒరిజినల్ పాస్‌పోర్ట్ గానీ అమెరికా లైసెన్స్ గానీ జేబులో ఉండాలి, ఫోన్‌లో ఫోటో చూపిస్తే సాధారణంగా ఒప్పుకోరు. తిండి మీద సేల్స్ ట్యాక్స్ 6 శాతం, మద్యం మీద 9 శాతం. ఆ పైన టిప్. దీని మీద మనవాళ్ల మధ్య చాలా వాదన నడుస్తుంది కాబట్టి సూటిగా చెప్తాను. మేరీల్యాండ్‌లో టిప్ మీద బతికే వెయిటర్‌కి ఓనర్ చేతి నుంచి ఇవ్వాల్సిన కనీస జీతం గంటకి 3.63 డాలర్లు. మామూలు కనీస వేతనం 15 డాలర్లు. ఆ మధ్య తేడాని నింపేది ముందుగా టేబుల్ దగ్గర మనం వదిలే డబ్బే. 18, 20 శాతం ఇవ్వలేం అనుకున్న రోజు మార్కెట్‌లో కౌంటర్ దగ్గర కొనుక్కుని పియర్ మీద, అంటే నీళ్లలోకి కట్టిన రేవు వేదిక మీద కూర్చుని తినండి, అందులో తప్పేం లేదు. టేబుల్ దగ్గర రెండు గంటలు కూర్చుని ఏమీ వదలకుండా లేవడం మాత్రం నాకు బాధనిపిస్తుంది.

తిన్నాక వెంటనే కారెక్కకండి. డల్లాస్ స్ట్రీట్ వైపు నడవండి. బానిసత్వానికి వ్యతిరేకంగా పోరాడిన నల్లజాతి నాయకుడు ఫ్రెడరిక్ డగ్లస్ 1826లో, చిన్నపిల్లాడిగా, బానిసగా ఈ పేటకే వచ్చాడు. అక్షరాలు నేర్చుకున్నది ఇక్కడే. పెద్దయ్యాక ఇక్కడి ఓడల యార్డుల్లో, చెక్కల సందుల్లో నార కుక్కి నీరు రాకుండా మూసే పని చేశాడు. 1838లో నావికుడి వేషంలో రైలెక్కి తప్పించుకున్నాడు. 1892లో, పేరు దేశమంతా తెలిశాక, అదే పేటకి తిరిగొచ్చి డల్లాస్ స్ట్రీట్‌లో స్థలం కొని నల్లజాతి వాళ్లు అద్దెకి ఉండటానికి ఐదు ఇళ్లు కట్టించాడు. ఆ ఐదూ ఇప్పటికీ ఉన్నాయి, జనం కాపురం ఉంటున్నారు, కాబట్టి బయటి నుంచే చూసి వచ్చేయండి.

చీకటి పడే వేళకి మళ్లీ బ్రాడ్‌వే పియర్ దగ్గరికి రండి. అవతలి ఒడ్డున చక్కెర ఫ్యాక్టరీ మీద డామినో షుగర్స్ అని పెద్ద ఎర్రటి బోర్డు వెలుగుతుంది. 1951 నుంచి ఉన్న నియాన్ బోర్డు పాడైతే 2021లో అచ్చం అలాంటిదే ఎల్‌ఈడీలతో చేసి పెట్టారు. ఆ ఎరుపు నీళ్ల మీద సాగుతూ మీ కాళ్ల దాకా వస్తుంది. ఇన్నర్ హార్బర్‌కి వాటర్ ట్యాక్సీలో వెనక్కి వెళ్లేవాళ్లు చివరి ట్రిప్ టైమ్ ముందే చూసుకోండి, సీజన్‌ని బట్టి మారుతుంది. అది తప్పిపోతే మొదట్లో చెప్పిన ఒడ్డు దారే ఉంది, నడవచ్చు. నా ఫ్రెండ్ వచ్చే నెల మళ్లీ వస్తానన్నాడు, ఈసారి సరాసరి ఇక్కడికే రమ్మన్నాను.