రెండు కాసులు వేసి ఆమె ఏ ఇంటికి వెళ్ళింది?

సభకు అధ్యక్షత వహిస్తున్న అయ్యగారికి, సంఘ పెద్దలకు, స్త్రీల సమాజం సహోదరీలకు, చెట్టు కింద నిలబడి వింటున్న తమ్ముళ్ళకు ప్రభువు నామంలో వందనాలు. కోత పండుగకు నన్ను పిలిచినందుకు సంతోషం. శాలువా తర్వాత కప్పవచ్చు, ఉక్కగా ఉంది.

నాకిచ్చిన అంశం 'ఇచ్చుటలోని ధన్యత'. వాక్యభాగం మార్కు సువార్త 12వ అధ్యాయం, 41 నుంచి 44 వరకు. బీద విధవరాలి రెండు కాసులు. ఈ భాగం మీద ప్రసంగం వినని వారు ఇక్కడ ఒక్కరూ ఉండరు. ప్రసంగం ముగియగానే కానుక సంచి బయలుదేరుతుందని కూడా మీకు తెలుసు. నవ్వుతున్నారు, అంటే తెలుసన్నమాటే.

యెరూషలేము దేవాలయంలో స్త్రీల ఆవరణ అని ఒకటి ఉండేది. అక్కడ బూర మూతి ఆకారంలో 13 కానుక పెట్టెలు ఉండేవని యూదుల పాత గ్రంథాలు చెబుతాయి. ధనవంతులు వచ్చి విస్తారంగా వేస్తున్నారు. యేసు ఎదురుగా కూర్చుని చూస్తున్నాడు. ఈమె వచ్చి రెండు కాసులు వేసింది. ఆనాటి దినకూలి ఒక దేనారం. అందులో 64వ వంతు ఈ రెండు కాసులు. ఇవాళ కూలి 640 రూపాయలనుకుంటే, ఆమె వేసింది 10 రూపాయలు. అదే ఆమె జీవనమంతా.

ఇక్కడి దాకా అందరం చెబుతాం. ఇప్పుడు బైబిలు తెరిచి ఒక్క వచనం వెనక్కి వెళ్ళండి. 40వ వచనం. చదవండమ్మా, ఎవరైనా బిగ్గరగా చదవండి. విధవరాండ్ర ఇళ్ళు దిగమింగుతూ, మాయవేషంగా దీర్ఘ ప్రార్థనలు చేసే శాస్త్రుల గురించి, అంటే యూదుల ధర్మశాస్త్రం బోధించే పండితుల గురించి, ప్రభువు హెచ్చరించిన మాట అది. ఆ మాట ముగిసిందో లేదో, విధవరాలు వచ్చి ఉన్నదంతా పెట్టెలో వేసి వెళ్ళింది. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టిన మార్కు ఊరికే పెట్టాడంటారా? ఆ సాయంత్రం ఆమె ఏం తిన్నది? ఏ ఇంటికి వెళ్ళింది? అసలు ఇల్లు మిగిలిందా?

దారిలో గాయపడి పడున్నవాణ్ణి ఆదుకున్న మంచి సమరయుని కథ చివర ప్రభువు, నీవు కూడా వెళ్ళి అలాగే చెయ్యి అన్నాడు. ఇక్కడ ఆ మాట లేదు. అందరికంటే ఎక్కువ వేసింది ఈమేనని శిష్యులను పిలిచి మరీ చూపించాడు, అంతే. చూపించింది ఆమె భక్తినే, సందేహం లేదు. ఆ భక్తిని ఆసరాగా తీసుకుని బతికే పెట్టెను కూడా చూపించాడని నేనంటాను. కాదనేవారు సభ తర్వాత నాతో వాదించండి, టీ తాగుతూ మాట్లాడుకుందాం.

నాకెందుకింత పట్టుదల అంటే, ఒక సంగతి చెప్పాలి. ఏ ఊరు, ఏ సంఘం అన్నది వద్దు. అక్కడ కోత పండుగకు వేలం పాట పెట్టారు. ఒక కాంట్రాక్టరు గారు సొరకాయను 5,000కు పాడుకున్నారు. చప్పట్లు, ఫోటో. తర్వాత వరి నాట్లకు కూలికి పోయే ఒక ముసలమ్మ తెచ్చిన గుడ్లు బల్ల మీదికి వచ్చాయి. నాటుకోడి గుడ్లు, పగలకుండా ఊకలో సర్ది, పాత చీర ముక్క కప్పి తెచ్చింది. వేలం వేసే అబ్బాయి ముక్కు మూసుకుని, "ఇవి పొదిగినవి కావు కదా అవ్వా?" అన్నాడు. సభంతా ఘొల్లుమంది. ఆమె కూడా నవ్వింది. ఆ నవ్వు చూడలేక నేను తల దించుకున్నాను.

ఏడాది చివర లెక్కల పుస్తకం అచ్చయింది. కాంట్రాక్టరు గారి పేరు మొదటి పేజీలో. 100 రూపాయల లోపు ఇచ్చిన వాళ్ళందరూ కలిపి చివరి పేజీలో ఒకే వరుస: 'ఇతరులు'. ప్రభువు శిష్యులను పిలిచి చూపించిన మనిషిని మనం 'ఇతరులు'లో కలిపేశాం. ఆ వానాకాలంలో ఆమె ఇంటి కప్పు కూలితే కమిటీ ఏమన్నదో తెలుసా? నిధి లేదన్నది. గుడి ముందు గ్రానైటు ఆర్చికి నిధి ఉంది, రెండు వైపులా దాతల పేర్లతో!

రాళ్ళంటే నాకు పగ లేదు. మెదక్ గుడి చూశారా? 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ చేశారు. కరువులో జనానికి పని, అన్నం దొరకాలని మిషనరీ పోస్నెట్ దొరగారు ఆ కట్టడం మొదలుపెట్టించారని అక్కడ ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ గుడి పేదవాళ్ళకు అన్నం పెడుతూ లేచింది. యెరూషలేములోనో? విధవరాలు అలా వెళ్ళగానే, 13వ అధ్యాయం మొదట్లోనే, ఒక శిష్యుడు ఆ కట్టడాల రాళ్ళు చూసి మురిసిపోయాడు. రాతి మీద రాయి నిలవదని ప్రభువు అన్నాడు. క్రీ.శ. 70లో రోమా సైన్యం ఆ పని చేసింది.

అయ్యగారు గడియారం చూస్తున్నారు. ఇంకో నాలుగు పాయింట్లు రాసుకొచ్చాను, అవి వదిలేస్తున్నాను. అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయం ఒక్కటి చెబుతాను. అనుదిన పరిచర్యలో తమ విధవరాండ్రను చిన్నచూపు చూస్తున్నారని కొందరు సణిగారు. అపొస్తలులు వాళ్ళ నోరు మూయించలేదు. ఏడుగురిని ఏర్పరచి ఆ పని అప్పగించారు. తొలి సంఘం కమిటీ వేసింది భోజనం పంచడానికండీ, ఆర్చి కట్టడానికి కాదు.

కోశాధికారి గారూ, కోపగించుకోకండి. ఈరోజు వచ్చిన కానుకలో పదో వంతు విడిగా పెట్టండి. ఈ ఊళ్ళో ఆసరా లేని విధవరాండ్ర పేర్లు రాసుకోండి, మన సంఘం వాళ్ళు కాకపోయినా సరే. పింఛను ఎవరికి ఆగింది, ఎవరి ఇల్లు కురుస్తోంది, ఎవరికి మందులు లేవు? వేలం పాట కాసేపు ఆగినా కొంప మునగదు. మైకు వెనక్కి పంపిస్తున్నాను. స్త్రీల సమాజం వారికి వీధి వీధీ తెలుసు. పుస్తకం తెరిచారా? చెప్పండమ్మా, మొదటి పేరు.